ఎవరూ ఏమీ చెప్పనప్పుడు శబ్దం ఎటు పోతుంది?



ఈ వారం ధ్యానం కొంచెం వింత చోట మొదలవుతుంది. మందిరంలో పాటలు తెర మీద చూపించడానికి మనం వాడే పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు ఉందని మీలో చాలామందికి తెలుసు. అది లైనక్స్ మీద కట్టిన ఆపరేటింగ్ సిస్టమ్. డబ్బు కట్టనక్కరలేదు. దాని లోపలి రాతను ఎవరైనా చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు, పక్కవారికి పంచవచ్చు. చుట్టుపక్కల ఊళ్లలో కూడా కొన్ని సంఘాలు ఇదే వాడుతున్నాయి. అక్కడ సౌండ్ చూసుకునే తమ్ముళ్లు మమ్మల్ని పదే పదే ఒకే ప్రశ్న అడుగుతున్నారు: "అయ్యగారూ, ల్యాప్‌టాప్ ఆన్ చేసిన ప్రతిసారీ శబ్దం మైకు సెట్టులోకి రాకుండా టీవీలోకి పోతోంది. ఒకసారి సరిచేస్తే అలాగే ఉండిపోయే మార్గం లేదా?"

ఉంది. ఆ మార్గం ఈ రోజు రాస్తాం. కంప్యూటరుతో పనిలేని అమ్మలు, అయ్యలు దయచేసి మధ్యలో ఆపవద్దు. ఈ మాట చివరికి మీ దగ్గరకే వస్తుంది.

శబ్దం పోయి పడే చోటు

లైనక్స్‌లో శబ్దం బయటకు వెళ్లే ప్రతి దారినీ 'సింక్' అంటారు. వంటింట్లో గిన్నెలు కడిగే సింక్ అనే మాటే ఇది. నీళ్లు పోయి పడే చోటు సింక్ అయినట్టు, ఇక్కడ శబ్దం పోయి పడే చోటు సింక్. ల్యాప్‌టాప్‌లోని చిన్న స్పీకరు ఒక సింక్. హెచ్‌డీఎమ్‌ఐ వైరుతో తగిలించిన టీవీ ఇంకొకటి. మిక్సరుకు వెళ్లే యూఎస్‌బీ సౌండ్ కార్డు మరొకటి. మందిరంలో ఈ మూడూ ఒకేసారి తగిలించి ఉంటాయి. పాట మొదలయ్యేసరికి వీటిలో ఏ దారిన వెళ్లాలో ఎవరో ఒకరు తేల్చాలి.

ఉబుంటులో ఆ పనిని 2008లో వచ్చిన 8.04 నుండి పల్స్ఆడియో అనే ప్రోగ్రాము చేసేది. 2022 అక్టోబరులో వచ్చిన 22.10 నుండి ఆ స్థానంలో పైప్‌వైర్ ఉంది. దానికి తోడుగా వైర్‌ప్లంబర్ అనే ఇంకో ప్రోగ్రాము నడుస్తుంది. చెరువు కింద ఏ మడికి ఎప్పుడు నీరు వదలాలో చూసే నీరుగంటి ఉండేవాడు కదా, వైర్‌ప్లంబర్ చేసే పని అదే.

నీరుగంటికి రైతు ముందుగా ఒక మాట చెప్పి ఉంటే ఆ ప్రకారం వదులుతాడు. ఎవరూ ఏమీ చెప్పకపోతే? అప్పుడు వైర్‌ప్లంబర్ తన లెక్క తాను చూసుకుంటుంది. ప్రతి సింక్‌కూ ఒక ప్రాధాన్యత సంఖ్య ఉంటుంది. ఆ సమయానికి తగిలించి ఉన్న వాటిలో ఏ సంఖ్య పెద్దదైతే అటు పంపేస్తుంది. నీరు పల్లమెరుగు అని మన పెద్దలు ఊరికే అనలేదు. మనం తూము తెరిచి దారి చూపకపోయినా నీరు ఆగదు. ఎటు పల్లం ఉంటే అటు పోతుంది.

ఇలా ఎవరూ ప్రత్యేకంగా చెప్పనప్పుడు శబ్దం వెళ్లే దారినే 'డిఫాల్ట్' అంటారు.

ఒక భూస్థాపన రోజు

ఇది చిన్న విషయం కదా, ఇంత ఎందుకు అని మీకు అనిపించవచ్చు. మన మధ్య జరిగిన ఒకటి చెబుతాం. పేర్లు రాయడం లేదు.

ఒక తల్లి ప్రభువు నందు నిద్రించింది. ఆమె కొడుకు గల్ఫ్‌లో ఉన్నాడు. సెలవు దొరకలేదు, రాలేకపోయాడు. భూస్థాపన కూడికలో అతడు వీడియో కాల్‌లో నాలుగు మాటలు చెప్పాలని కుటుంబం కోరింది. అతడి ముఖం అందరికీ కనబడాలని ఆ ఉదయమే టీవీని ల్యాప్‌టాప్‌కు తగిలించారు. టీవీ వాల్యూమ్ సున్నాలో ఉంది, శబ్దం ఎలాగూ బాక్సుల నుండి వస్తుంది కదా అని. అయితే కొత్తగా తగిలిన టీవీని చూసి యంత్రం శబ్దాన్ని అటు మళ్లించింది.

పెట్టె ముందు ఉంది. తెర మీద కొడుకు ముఖం ఉంది. పెదవులు కదులుతున్నాయి. శబ్దం లేదు. అతడు మొదట అన్న మాట "అమ్మా" అని అందరికీ పెదవుల మీదే అర్థమైంది. అతడికి మాత్రం తన గొంతు ఎవరికీ వినబడటం లేదని తెలియదు. తలవంచుకుని చెబుతూనే ఉన్నాడు. ల్యాప్‌టాప్ దగ్గరున్న తమ్ముడు సౌండ్ సెట్టింగు తెరిచి దారి మార్చేదాకా సుమారు అర నిమిషం పట్టింది. ఆ అర నిమిషం మందిరంలో ఎవరూ ఊపిరి తీసుకున్నట్టు లేదు. తర్వాత బాక్సుల్లోంచి అతడి గొంతు ఒక్కసారిగా వచ్చింది, వాక్యం మధ్యలోంచి.

ఆ రోజు శబ్దం ఆగిపోలేదు. అతడి ప్రతి మాటా సముద్రం దాటి మన మందిరం దాకా వచ్చింది. ఎవరూ వినని చోటికి వెళ్లి పడింది, అంతే.

సరిచేసే విధానం

తమ్ముళ్ల కోసం క్లుప్తంగా రాస్తాం. కూడిక లేని రోజున, తీరికగా ఉన్నప్పుడు చెయ్యండి.

మొదట మిక్సరుకు వెళ్లే సౌండ్ కార్డునూ టీవీనీ రెండింటినీ తగిలించండి. సెట్టింగ్స్ తెరిచి, సౌండ్ అనే చోటికి వెళ్లి, అవుట్‌పుట్ కింద ఉన్న డివైస్‌ల వరుసలో మీ సౌండ్ కార్డును ఎంచుకోండి. పక్కనే టెస్ట్ ఉంటుంది, నొక్కి బాక్సుల్లో వినబడుతుందో లేదో చూడండి. చాలామందికి ఇంతటితో పని అయిపోతుంది, ఎందుకంటే అక్కడ మీరు ఎంచుకున్నదాన్నే యంత్రం డిఫాల్ట్‌గా గుర్తు పెట్టుకుంటుంది.

అలా కుదరకపోతే టెర్మినల్ తెరవండి. డబ్ల్యూ, పీ, సీ, టీ, ఎల్ అనే అయిదు ఇంగ్లీషు చిన్న అక్షరాలు కలిపి రాసి, ఖాళీ వదిలి, స్టేటస్ అని టైపు చెయ్యండి. సింక్‌లన్నీ వరుసగా వస్తాయి. ప్రతిదాని ముందు ఒక సంఖ్య ఉంటుంది. ప్రస్తుతం శబ్దం వెళ్లే సింక్ పక్కన చుక్క గుర్తు ఉంటుంది. మీకు కావలసిన సింక్ సంఖ్య చూసుకుని, అదే అయిదు అక్షరాల తర్వాత సెట్-డిఫాల్ట్ అనీ, ఆ తర్వాత ఆ సంఖ్యనూ రాసి ఎంటర్ నొక్కండి.

ఒక జాగ్రత్త. ఈ సంఖ్యలు శాశ్వతం కావు. ఈ రోజు 52 అని ఉన్నది రేపు యంత్రం మళ్లీ ఆన్ చేశాక 47 కావచ్చు. కాబట్టి గోడ మీద సంఖ్య రాసి పెట్టుకుని లాభం లేదు. మీరు సంఖ్యతో చెప్పినా వైర్‌ప్లంబర్ లోపల ఆ సింక్ పేరునే రాసుకుంటుంది. సంఖ్య మారినా పేరు మారదు.

ఇంకొకటి. డిఫాల్ట్ మార్చినా ఒక్కొక్క ప్రోగ్రాము పాత దారినే పట్టుకుని ఉండవచ్చు. ఎప్పుడో ఒకసారి ఎవరో ఆ ప్రోగ్రామును ప్రత్యేకంగా టీవీకి కట్టి ఉంటారు, అది అలా గుర్తుండిపోతుంది. పావుకంట్రోల్ అనే చిన్న ప్రోగ్రాము పెట్టుకుంటే, ప్లేబ్యాక్ అనే పేజీలో ఏ ప్రోగ్రాము ఎటు పంపుతుందో కనబడుతుంది. అది నడుస్తుండగానే దాని దారి అక్కడ మార్చవచ్చు.

రెండు వరుసలు

తమ్ముళ్లకు చెప్పవలసింది అయిపోయింది. ఇప్పుడు మనందరి కోసం.

పైన చెప్పిన స్టేటస్ ఆదేశం ఇచ్చినప్పుడు యంత్రం రెండు సంగతులు చూపిస్తుంది. పైన సింక్‌ల వరుసలో చుక్క గుర్తు ఉంటుంది: ఈ క్షణం శబ్దం నిజంగా ఎటు వెళుతుందో అది చెబుతుంది. అడుగున సెట్టింగ్స్ అనే చోట ఒక పేరు ఉంటుంది: మనం ఏది ఎంచుకున్నామో అది చెబుతుంది. ఎక్కువగా రెండూ ఒకటే. కొన్నిసార్లు వేరుగా ఉంటాయి. అడుగున రాసి ఉన్న పేరు ఒకటి, పైన చుక్క ఉన్న చోటు ఇంకొకటి.

ఆ తెర చూసినప్పుడు మేము చాలాసేపు మౌనంగా కూర్చున్నాం. మన విశ్వాస జీవితానికి ఇంతకంటే సూటి అద్దం అరుదు. "నీ నమ్మకం ఎవరి మీద?" అని అడిగితే మనలో ప్రతివాడూ యేసుప్రభువు అనే చెబుతాడు. అబద్ధం కాదు. ఆ పేరు అడుగున రాసి ఉంది. బాప్తిస్మం రోజున రాసుకున్నాం. అయితే అర్ధరాత్రి బిడ్డకు జ్వరం వచ్చినప్పుడు, మిరప ధర పడిపోయినప్పుడు, అప్పులవాడు వాకిట్లో నిలబడినప్పుడు, మన నోట వచ్చే మొదటి కేక ఎటు వెళుతుంది? చుక్క ఎక్కడ ఉంది?

ఒకరి కేక ఫోనులోకి వెళుతుంది, గంటలకొద్దీ చూస్తూ ఉండిపోతారు. ఒకరిది సీసాలోకి. ఒకరిది ఇంట్లో ఉన్న భార్య మీదికి, ఆమె చేసిన తప్పేమీ లేకపోయినా. ఒకరిది పక్కింటి అరుగు మీదికి, అక్కడ అది చాడీ అయిపోతుంది. లోపల బాధ నిజమే. కేక నిజమే. వెళ్లి పడే చోటే వేరు.

ఆసా రాజు సంగతి

దినవృత్తాంతముల రెండవ గ్రంథంలో 14 నుండి 16 అధ్యాయాలు ఈ వారం మూడూ కలిపి చదవండి. యూదాను ఏలిన ఆసా కథ అది.

కూషీయుడైన జెరహు పది లక్షల సైన్యంతో వచ్చినప్పుడు ఆసా మొదట చేసిన పని తన దేవునికి మొరపెట్టడం. జయం వచ్చింది. తర్వాత దేశంలో విగ్రహాలు తీసివేశాడు. బలిపీఠం బాగుచేయించాడు. ప్రజలందరితో కలిసి నిబంధన చేశాడు. విగ్రహం చేయించిన మయకాను రాజమాత స్థానం నుండి కూడా తొలగించాడు. ఆసా హృదయం యథార్థమైనదని ఆ గ్రంథమే సాక్ష్యమిస్తుంది.

అయితే ఏలుబడిలో 36వ సంవత్సరం వచ్చేసరికి ఇశ్రాయేలు రాజైన బయెషా రామాను కట్టి దారి మూసివేయబోయాడు. జెరహు సైన్యంతో పోలిస్తే ఇది చిన్న ఆపద. ఈసారి ఆసా మొర ఎటు వెళ్లింది? దేవుని మందిరపు ఖజానాలోని వెండి బంగారాలు తీసి దమస్కులో ఉన్న అరాము రాజైన బెన్హదదుకు పంపాడు. పని అయింది కూడా, బయెషా వెనుదిరిగాడు. హనానీ అనే దీర్ఘదర్శి వచ్చి గద్దిస్తే ఆసా అతడిని బందీగృహంలో వేయించాడు, ప్రజల్లో కొందరిని బాధపెట్టాడు. 39వ ఏట పాదాలకు జబ్బు చేసింది. అప్పుడు కూడా దేవునివైపు తిరగలేదు, వైద్యులవైపే చూశాడు. 41వ ఏట చనిపోయాడు.

ఏ రోజున ఆసా దేవుణ్ణి వదిలాడు? అలాంటి రోజు ఒకటి ఆ గ్రంథంలో లేదు. నిబంధన రద్దు చేసుకోలేదు. విగ్రహాలు తిరిగి పెట్టలేదు. ఎంచుకున్న పేరు అలాగే ఉంది. యుద్ధం లేని ఆ మధ్య సంవత్సరాల్లో చుక్క మాత్రం జరిగిపోయింది. బయెషా వచ్చిన రోజున అది బయటపడింది.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఈ కథ చూపించి మందులు వాడటం అవిశ్వాసం అనేవారు ఉన్నారు. మన సంఘంలో ఎవరూ ఆ మాట విని సుగరు మాత్రలు, బీపీ మాత్రలు మానవద్దు. పౌలుతో తిరిగిన లూకా వైద్యుడు. ఆసా వైద్యుల దగ్గరకు వెళ్లడం అతడి లోపం కాదు. వెళ్లేముందు, వెళ్లేటప్పుడు, వెళ్లాక దేవునితో మాట లేకపోవడం లోపం. డిఫాల్ట్ ఒకటి పెట్టుకున్నంత మాత్రాన మిగతా దారులు మూసుకుపోవు. అవసరమైతే ఒక పాటను హెడ్‌ఫోనులో వింటాం, ఒక వీడియోను టీవీలో వింటాం. అలాగే ఆసుపత్రికి వెళ్లండి, బ్యాంకుకు వెళ్లండి, పెద్దమనుషులను సలహా అడగండి. మొదటి కేక ఎవరికి అనేదే ప్రశ్న.

దానియేలు కిటికీ

దీనికి ఎదురుగా దానియేలు గ్రంథం 6వ అధ్యాయం పెట్టి చూడండి. దర్యావేషు రాజు సంతకం చేశాడు: 30 రోజుల పాటు రాజును తప్ప ఏ దేవుణ్ణీ ఏ మనిషినీ ఎవరూ ఏమీ అడగకూడదు. అడిగితే సింహాల గుహ.

ఆ సంతకం సంగతి తెలిసే దానియేలు ఇంటికి వెళ్లాడు. మేడగది కిటికీలు యెరూషలేము వైపు తెరిచి ఉన్నాయి. రోజుకు మూడుసార్లు మోకరించి ప్రార్థించాడు. ఇక్కడ వాక్యం ఒక చిన్న వివరం చేరుస్తుంది: అది అతడికి ముందునుండీ ఉన్న అలవాటే. ఆపద వచ్చిందని కొత్తగా మొదలుపెట్టలేదు. ఆపద వచ్చిందని మానలేదు.

ఆ కిటికీ యెరూషలేము వైపే ఎందుకు? మొదటి రాజుల గ్రంథం 8వ అధ్యాయంలో సొలొమోను మందిరాన్ని ప్రతిష్ఠించిన రోజున చేసిన ప్రార్థన ఉంది. నీ ప్రజలు చెరగా పోయిన దేశంలో ఉండి ఈ పట్టణం వైపు, ఈ మందిరం వైపు తిరిగి మొరపెడితే ఆలకించమని అతడు దేవుణ్ణి వేడుకున్నాడు. దానియేలు నాటికి ఆ మందిరం శిథిలమై ఉంది. అయినా ఆ కిటికీ అటే తెరిచి ఉంది. సమాధానకాలంలో, పండుగ రోజున ఒక రాజు పెట్టిన దిక్కు, శతాబ్దాల తర్వాత చెరలో ఉన్న ఒక పెద్దాయనకు సింహాల గుహ ముందు దారి చూపింది.

ప్రియులారా, ఈ రోజు మీకు చెప్పాలనుకున్న మాట ఇదే. ఆపద రోజున మనం దారి ఎంచుకోలేము, అంత తీరిక ఉండదు. అప్పటికే పెట్టి ఉన్న దారినే మన కేక వెళుతుంది. ఆ దారి పెట్టుకోవలసింది ఏ ఆపదా లేని మామూలు రోజునే. పెట్టుకోకపోతే దారి లేకుండా పోదు. లోపల ఏ కోరిక సంఖ్య పెద్దదైతే అటు పోతుంది.

వైరు ఊడినవారికి

మీలో కొందరు ఈ మాట చదివి దిగులుపడతారని మాకు తెలుసు. నెలల తరబడి ప్రార్థన చేయలేకపోయినవారు ఉన్నారు. కూలికి వేరే ఊరు వెళ్లి మందిరానికి దూరమైనవారు ఉన్నారు. మీ కోసం ఇంకొక సంగతి.

ఎంచుకున్న సౌండ్ కార్డు వైరు ఊడదీస్తే శబ్దం వేరే దారి పట్టక తప్పదు. చుక్క జరుగుతుంది. అయితే వైర్‌ప్లంబర్ అడుగున రాసుకున్న పేరును కొట్టివేయదు. ఆ వైరు మళ్లీ తగిలించగానే, ఎవరూ ఏమీ నొక్కకుండానే, శబ్దం దాని దారికి తిరిగి వస్తుంది. మనిషి చేసిన ఒక ప్రోగ్రామే ఒక పేరును ఇంత నమ్మకంగా గుర్తుపెట్టుకుంటే, మనల్ని పేరు పెట్టి పిలిచిన దేవుడు మరచిపోతాడా? మొదటినుండి మొదలుపెట్టనక్కరలేదు. వైరు తగిలించండి. ఈ రాత్రి పడుకునేముందు ఒక్క మాట "ప్రభువా" అని పిలవండి. చాలు.

ఈ వారం చేయవలసింది

మూడు పూటలు పెట్టుకోండి. పొద్దున పొయ్యి వెలిగించేముందు, మధ్యాహ్నం పొలంలో అన్నం మూట విప్పేముందు, రాత్రి దీపం ఆర్పేముందు. ఒక్కొక్కసారి రెండు నిమిషాలు. ఏమీ అవసరం లేని రోజున కూడా.

దాంతోపాటు ప్రోగ్రాముల సంగతి మరచిపోవద్దు. పెద్ద దారి సరిచేసినా పాత దారిని పట్టుకున్న ఒకటి రెండు అలవాట్లు లోపల ఉంటాయి. కోపం ఎటు వెళుతుంది? భయం ఎటు వెళుతుంది? విసుగు ఎటు వెళుతుంది? ఒక్కొక్కదాన్ని విడిగా చూసి, విడిగా ప్రభువు వైపు తిప్పాలి. ఇంట్లో భార్యాభర్తలు ఒకరినొకరు ప్రేమతో అడిగితే ఇంకా మంచిది. మన చుక్క ఎక్కడుందో మనకంటే మన ఇంట్లోవారికే బాగా తెలుసు.

ప్రార్థన చేద్దాం.

కృపగల తండ్రీ, మేము ఎంచుకున్న పేరు నీదే. మా మొదటి కేక కూడా నీ దగ్గరకే వచ్చేలా మామూలు రోజుల్లో మమ్మల్ని సిద్ధపరచు. మా బాధ మా ఇంటివారి మీద పడకుండా కాపాడు. దూరదేశాల్లో ఉన్న మా బిడ్డల గొంతు మాకు వినబడని వేళ కూడా నీవు వింటున్నావు, నీకు స్తోత్రం. వైరు ఊడినవారిని నీ సన్నిధికి తిరిగి తెచ్చుకో. యేసు నామంలో అడుగుతున్నాము తండ్రీ, ఆమేన్.

ప్రభువు కృప మీకందరికీ తోడై ఉండును గాక.